పుట్టెడు దుఃఖం, గంపెడాశ

"పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నారండీ, కాస్త కేకలెయ్యండి" అన్నాను మొన్న ఆదివారం మావారితో. మా ఆడపడుచు పిల్లలు ముగ్గురూ, మావాళ్ళిద్దరూ కలిసి హాల్లో దిళ్ళతో కురుక్షేత్రం చేస్తున్నారు. ఆయన పేపర్లోంచి తలెత్తి గోడల వంకా, కప్పు వంకా ఓసారి చూసి, "ఇల్లు ఉన్నచోటే ఉందిగా! పందిరేదీ?" అన్నారు.

నిజమే మరి. ఇల్లు ఉన్నచోటే ఉంది. మావారిది లెక్కల బుర్ర. "ఆ కుళాయికి వాషరు మార్పించమని వందసార్లు చెప్పాను" అంటే "మూడుసార్లు" అంటారు. "తల పగిలిపోతోంది" అంటే నా తల వంక చూస్తారు. చివరికి, "మీ ఆడవాళ్ళున్నారే, ప్రతిదానికీ గోరంతలు కొండంతలు చేస్తారు" అని తీర్పు చెప్పేసి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోతారు. తీర్పు వెలువడిన గంటకి భోజనాల దగ్గర వంకాయ కూరలో ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువైంది. "ఇదేమిటి, సముద్రమంతా ఇందులోనే పోశావా?" అన్నది కూడా ఆయనే.

ఆ తీర్పు మీద నేను అప్పీలుకి వెడుతున్నాను. న్యాయమూర్తులు మీరే.

అతిశయోక్తి గురించి బళ్ళో మనందరం చదువుకున్నాం. ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం అతిశయోక్తి. ఉదాహరణ: ఆ పట్నంలో మేడలు ఆకాశాన్నంటుతున్నాయి. రాస్తే మార్కులు వేశారు, అక్కడితో దాని సంగతి మరిచిపోయాం. పరీక్ష పేపర్లో ఉంటే దాని పేరు అలంకారం. అదే మనం వంటింట్లో వాడితే దాని పేరు 'అతి'!

పూర్వపు ఆలంకారికులు మాత్రం దాన్ని అంత తేలిగ్గా తీసిపారెయ్యలేదు. 'కావ్యాలంకారం' రాసిన భామహుడు అతిశయోక్తి లేకుండా అసలు అలంకారమే లేదు పొమ్మన్నాడు. సుమారు పదమూడు వందల ఏళ్ళ కిందట కంచిలో ఉండిన దండి కూడా తన 'కావ్యాదర్శం'లో దానికి పెద్దపీటే వేశాడు. పీట వేసి ఊరుకోలేదు, దానికి ఒక హద్దు కూడా గీశాడు. ఆ హద్దు గీయడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణలు చూస్తే నాకు భలే ముచ్చటేసింది. ఒకటి రాజుగారి కీర్తీ కాదు, యుద్ధమూ కాదు. ఇంటికి పెద్దవాళ్ళొస్తే మనం గుమ్మంలో అనే మర్యాద మాట!

తమవంటి వారి పాదధూళి సోకిన ఇళ్ళే ఇళ్ళు అనిపించుకుంటాయని అనడం ఒక పద్ధతి. మీ పాదధూళితో మా పాపాలన్నీ కడుక్కుపోయాయి, నేటినుంచి మా ఇంటిని గుడిలా పూజించుకోవలసిందే అనడం ఇంకో పద్ధతి. మొదటిదాంట్లో 'కాంతి' అనే గుణం ఉంది, లోకం హద్దు దాటలేదు గనక అందరి మనసుకీ నచ్చుతుంది అంటాడు దండి. రెండోది అత్యుక్తి, గౌడదేశపు వాళ్ళకి అలాంటిది ఇష్టం అంటాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. మొదటి మాట కూడా అక్షరాలా నిజం కాదు. పెద్దమనుషులు అడుగుపెట్టనంత మాత్రాన ఇళ్ళు ఇళ్ళు కాకుండా పోవు. అయినా దండి దాన్ని తప్పు పట్టలేదు. ఆయన చూసింది నిజమెంత, అబద్ధమెంత అని కాదు. వినేవాళ్ళ మనసు దాన్ని ఒప్పుకుంటుందా లేదా అని. "మీరు రావడమే పదివేలు" అంటే వియ్యపురాలు మురిసిపోతుంది. "మీరు సాక్షాత్తూ లక్ష్మీదేవి వదినగారూ, మా ఏడుతరాలూ తరించాయి" అంటే మాత్రం, ఈవిడేదో అడగబోతోందని చేతిసంచీ దగ్గరికి లాక్కుంటుంది. దండి చెప్పిన హద్దు ఆ చేతిసంచీ దగ్గరే ఉంది.

తరవాత్తరవాత ఆ అత్యుక్తి కూడా దర్జాగా అలంకారాల పట్టికలో చేరిపోయింది. పదహారో శతాబ్దంలో అప్పయ్య దీక్షితులవారి 'కువలయానందం'లో దాని నిర్వచనం ఉంది. శౌర్యమూ ఔదార్యమూ లాంటివాటిని ఆశ్చర్యం గొలిపేలా, నిజం కాని రీతిలో వర్ణించడమట. శౌర్యమూ, ఔదార్యమూ! వీటిని పొగిడించుకునేది ఎవరో, పొగిడి బతకవలసింది ఎవరో వేరే చెప్పాలా?

సరే, ఆస్థానాల సంగతి వదిలి మన ఇళ్ళలోకి వద్దాం. మన అతిశయోక్తుల్ని దేనితో కొలుస్తామో ఎప్పుడైనా గమనించారా? దుఃఖం పుట్టెడు. ఆశ గంపెడు. చాకిరీ బండెడు. సంతోషమొస్తే మొహం చాటంత. నెల మొదట్లో సరుకుల జాబితా చేంతాడంత. ఆలస్యంగా లేస్తే బారెడు పొద్దెక్కింది. ఎంత సంపాదించినా చివరికి జానెడు పొట్ట కోసమే. కవిగారికి సముద్రమూ, మేరుపర్వతమూ కావలసి వచ్చాయి. మన అమ్మమ్మలకి చాటా, గంపా, నూతి చేంతాడూ సరిపోయాయి. రోజూ చేత్తో పట్టుకుని, బరువెంతో చేతికి తెలిసిన వస్తువులతోనే మనసుని కొలిచారు. అందుకే ఆ మాటలు ఎంత పెంచి చెప్పినా గాల్లోకి ఎగిరిపోవు, నేలమీదే నిలబడతాయి. మునిమాణిక్యం నరసింహారావుగారి 'కాంతం' కథలూ, భానుమతీ రామకృష్ణగారి 'అత్తగారి కథలూ' ఇప్పటికీ చదువుకుంటున్నామంటే, వాటిలో ఆ ఇంటి మాటల వాసన ఉండడమే కారణం.

పుట్టి అంటే ఎంతో ఇప్పటి పిల్లలకి తెలియదు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ప్రాంతాన్ని బట్టి కాస్త అటూ ఇటూగా ఉండేది గానీ, మామూలు లెక్క ఇది. అంటే పుట్టెడు దుఃఖంలో 1,280 సోలల దుఃఖం ఉందన్నమాట! 1956లో తూనికల, కొలతల చట్టం వచ్చి మెట్రిక్ పద్ధతి అమల్లోకి వచ్చాక బజార్లో సోలలూ తవ్వలూ క్రమంగా మాయమయ్యాయి. కానీ ఇన్నేళ్ళొచ్చినా "నాకు క్వింటాలు దుఃఖంగా ఉంది" అన్న మనిషిని నేను చూడలేదు. క్వింటాలు కొట్లో కొలత. పుట్టి గాదెలో కొలత. గాదెలో ధాన్యం ఒక్కరోజున అయిపోయేది కాదు. రోజూ ఇంత తీసుకుని, దంచుకుని, వండుకుని, నెలల తరబడి తినాలి. దుఃఖమూ అంతేగా! భర్తనో బిడ్డనో పోగొట్టుకున్న ఇల్లాలిని "పుట్టెడు దుఃఖంలో ఉంది" అంటే అది పెంచి చెప్పడం కాదు. ఆవిడ ముందున్న రోజుల్ని లెక్కపెట్టి చెప్పడం.

మరి కోతలో, గొప్పలో అంటారా? తెలుగువాళ్ళు వాటికి వేరే పేర్లు పెట్టుకున్నారు. తన గురించి పెంచి చెబితే గొప్పలు. జరగనిది జరిగినట్టు చెబితే కోతలు. పక్కింటివాళ్ళ సంగతికి కొమ్మలూ రెమ్మలూ తగిలిస్తే చిలవలు పలవలు. ఎదటివాణ్ణి ఉబ్బేస్తే ముఖస్తుతి. చేతగానివాడు చేస్తానంటే ఉత్తరకుమార ప్రగల్భాలు. పాపం, ఆ ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవుల్ని గెలిచేశాడు. తీరా సేనని చూశాక రథం దూకి పరుగెత్తాడు. ఇన్ని పేర్లున్న భాషలో "నడుం విరిగిపోతోంది" అనే ఇల్లాలి మాట వీటిలో ఏ పేరు కిందకీ రాదు. అది గొప్పా కాదు, కోతా కాదు.

అసలు కోతల్లో కూడా అన్నీ ఒక్కటి కావు. మీలో కొందరైనా చిన్నప్పుడు పిట్టలదొరని చూసే ఉంటారు. తుపాకిరాముడని కూడా అంటారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కొయ్య తుపాకీ. వీధిలో నిలబడి తన మేడలూ, తన వేటలూ, తన పెళ్ళి వైభవమూ ఊపిరి తిప్పుకోకుండా వర్ణిస్తాడు. అందులో ఒక్క ముక్క నిజం ఉండదు, వినేవాళ్ళలో ఒక్కరూ మోసపోరు. కడుపుబ్బ నవ్వుకుని ఇన్ని గింజలు పోస్తారు.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం'లో గిరీశాన్ని అతని పక్కన నిలబెట్టి చూడండి. మాటల పొడుగులో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా వినేవాళ్ళలో ఉంది. గిరీశం చెప్పేదాన్ని వెంకటేశం నోరు తెరుచుకుని నమ్ముతాడు. చిన్నతనంలోనే వైధవ్యం వచ్చిన బుచ్చమ్మ నమ్ముతుంది. నమ్మి, అతని వెంట ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. అందుకే మనం గిరీశాన్ని చూసి నవ్వుతూనే బుచ్చమ్మ కోసం భయపడతాం. 1897లో మొదట అచ్చయి, 1909లో పెరిగి మళ్ళీ వచ్చిన ఆ నాటకం ఇప్పటికీ పాతబడలేదంటే, ఆ నవ్వులో ఆ భయం కలిసి ఉండడం వల్లే అనుకుంటాను.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది. చెప్పేవాళ్ళ దగ్గరా, వినేవాళ్ళ దగ్గరా ఒకే కుంచం ఉంటే అది అతిశయోక్తి. "కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయమ్మా" అని పిల్లాడంటే ఏ తల్లీ పిల్లిని తీసుకురాదు, అన్నం కలుపుతుంది. చెప్పేవాడి దగ్గర ఒక కుంచం, వినేవాళ్ళ దగ్గర ఇంకో కుంచం ఉంటే అది దొంగ కొలత. ఈ ఆకు నమిలితే షుగరు మాయం, ఈ క్రీము రాస్తే వారంలో చందమామ అంటూ మన ఫోన్లలోకి రోజూ వచ్చిపడేవి ఇవే. రోగాలు మాయంగా నయం చేస్తామనే ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా. పిట్టలదొరని శిక్షించడానికి ఏ చట్టమూ అక్కర్లేకపోయింది చూశారా!

మనవైపు తప్పు లేదా అంటే, ఉంది. దాచను. కాఫీ బాగుంటే 'సూపర్', చీర బాగుంటే 'సూపర్', కొడుకు పదోతరగతి పాసైతే 'సూపర్'. ఒకే గరిటెతో పప్పూ, పాయసమూ వడ్డించినట్టుంది. ఇదివరకు కూర నోట్లో పెడితే కరిగిపోయేది, పూరీ బూరెలా పొంగేది, పాలు చిక్కగా గరిటె జారేవి. ప్రతి మెచ్చుకోలుకీ ఒక రుచి ఉండేది. రుచి పోయాక అతిశయోక్తి కూడా చప్పిడి కూరే. పేరు మాత్రం విందు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. అది మా పిన్ని దగ్గర తెలిసింది.

మా పిన్ని నోట మామూలు మాట రాదు. కాఫీ చల్లారితే "విషం తాగినట్టుంది". వీధి చివర కొట్టుదాకా వెళ్ళొస్తే "కాశీదాకా నడిచినట్టుంది". మోకాలు నొప్పి చేస్తే "ప్రాణాలు తోడేస్తోంది". పొద్దున్న లేచింది మొదలు నాలుగైదుసార్లయినా చచ్చి బతికేది. ఇంట్లో పిల్లలం ఆవిడ మాటల్ని అనుకరిస్తూ నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లోంచి వచ్చి, "కాస్త నలతగా ఉందే, ఓ గుక్కెడు మంచినీళ్ళియ్యి" అని మంచం మీద ఒరిగింది. "హమ్మయ్య, ఇవాళ పిన్ని బాగానే ఉంది" అనుకున్నాం మేము.

ఆవిడ తోడికోడలు వసారాలో బియ్యం ఏరుతోంది. ఆ మాట వినగానే చాట కింద పెట్టి లేచింది. "ఇరవై ఏళ్ళ నుంచీ దానితో ఒక వంటింట్లో వేగుతున్నాను. దాని నోట 'కాస్త' అన్నమాట ఇవాళే విన్నాను. ముందు ఆటో పిలవండి" అంది. మామయ్యలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగుదామంటే కూడా ఆగలేదు. తీరా చూస్తే గుండెకి సంబంధించిన జబ్బు. సమయానికి తెచ్చారు గనక సరిపోయిందన్నాడు డాక్టరు. పదిరోజులు పోయాక ఇంటికొచ్చి, గుమ్మంలో దిష్టి తీస్తుంటే మా పిన్ని అన్న మొదటి మాట: "యముడు మంచం దాకా వచ్చాడే, నా నోటికి జడిసి పారిపోయాడు!" అప్పటికి గానీ ఇంటిల్లిపాదికీ ఊపిరి రాలేదు. పిన్ని మళ్ళీ కొండంతలు చేస్తోందంటే బాగుపడ్డట్టే.

సాహిత్య విమర్శ అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఆ తోడికోడలి చెవిని చూపిస్తాను. మాట ఎంత పెద్దది అని ఆవిడ చూడలేదు. ఎవరి నోట వచ్చింది, ఆ నోటికి అలవాటైన కొలత ఏది, ఇవాళ ఆ కొలత ఎందుకు మారింది అని చూసింది. ప్రతి మనిషి దగ్గరా ఒక సొంత కుంచం ఉంటుంది. దాని సైజు తెలుసుకోవడానికి ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని బియ్యం ఏరాలి. ఆ ఓపిక లేనివాళ్ళు, "ఆవిడదెప్పుడూ ఇంతే" అనేస్తారు.

ఇక దీనికి రెండోవైపు. ఇంట్లో "నడుం విరిగిపోతోంది" అని వంద తిరుగుళ్ళు తిరిగే మనం డాక్టరు ముందు కూర్చోగానే ఏమంటాం? "అబ్బే, పెద్దగా ఏం లేదండీ, ఏదో కాస్త." నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో చెప్పమని అడుగుతారు ఇప్పుడు ఆస్పత్రుల్లో. ఎదురుగా మొగుడో, కొడుకో ఉంటాడు, ఖర్చు కళ్ళముందు కనబడుతుంది. ఎనిమిది అనవలసినచోట మూడంటాం. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, నొప్పికి అంకె ఒక్కటే చాలదని, రోగులు వాడే మాటలు పోగుచేసి, 78 మాటల్ని 20 గుంపులుగా అమర్చి 1975లో ఒక ప్రశ్నావళి ప్రకటించాడు. పొడిచినట్టుందా, కాల్చినట్టుందా, గుంజినట్టుందా అన్నది జబ్బు తెలుసుకోవడానికి పనికొస్తుందని ఆయన నమ్మకం. మన దగ్గర అలాంటి మాటలకి కరువా? సలుపు, పోటు, తీపు, గుంజు, మంట, సూదులు గుచ్చినట్టు, సమ్మెటతో మోదినట్టు. ఇవి అతిశయోక్తులని సిగ్గుపడి డాక్టరు దగ్గర మింగేస్తాం. సమ్మెటతో మోదినట్టుందని చెప్పడం అబద్ధం కాదు. "ఏదో కాస్త" అనడమే అబద్ధం.

అలాంటిదే ఇంకో అబద్ధం కూడా మనం రోజూ ఆడతాం. "మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, "ఏముందండీ, ఇంట్లోనే ఖాళీగా ఉంటాను." ఉన్నదాన్ని ఉన్నదానికన్న తక్కువ చేసి చెప్పే ఈ అలంకారానికి బళ్ళో ఎవరూ మార్కులు వెయ్యలేదు గానీ, మనం దీంట్లో ఆరితేరిపోయాం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపింది. ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో నిమిషాల్లో లెక్కగట్టింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు జీతం బత్తెం లేని ఆ పనులకి అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించేవారు. ఆ పనులు చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. పిల్లల్నీ, ముసలివాళ్ళనీ చూసుకునే వేళ ఇందులో కలపలేదు, అది వేరే లెక్క.

ఆదివారం సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఈ అంకె మావారి ముందు పెట్టాను. లెక్కల బుర్ర కదా, ఊరుకోలేదు. పెన్ను తీసి 299ని 365తో గుణించారు. గంటలు చేశారు, రోజులు చేశారు. సుమారు 76 రోజులు తేలింది. ఏడాదిలో రాత్రీ పగలూ కలిపి డెబ్భై ఆరు రోజులు! కాసేపు ఆ కాగితం వంక చూసి, "నువ్వు బండెడు చాకిరీ అంటే పెంచి చెబుతున్నావనుకున్నాను. ఒక బండి చాలేట్టు లేదే" అన్నారు.

అప్పీలు నెగ్గినట్టే అనిపించింది. ఇదే అదను అనుకుని, "వంటింట్లో కుళాయి కారుతూనే ఉంది, నూటొకటోసారి చెబుతున్నాను" అన్నాను.

"నాలుగోసారి" అన్నారాయన.

అన్నారే గానీ, లేచి చొక్కా వేసుకున్నారు.